మిర్చి గోదాంలో ఇల్లుబండి

మా నాయన రైల్వేలో గూడ్సు గార్డు. కాజీపేట నుంచి పైకి బల్లార్షా దాకా, కిందికి బెజవాడ దాకా ఆయన టీ తాగని స్టేషను లేదు. మా అమ్మ మాత్రం కాజీపేట క్వార్టర్సు దాటి పోయింది బహు తక్కువ. గూడ్సు చివర ఉండే గార్డు డబ్బాలో నిలబడి ఆయన పచ్చజెండా ఊపుకుంటూ వెళ్లిపోయేవాడు. ఈమె గడపలో నిలబడి, ఆ జెండా కనపడనంత దూరం పోయేదాకా చూసి, లోపలికి వచ్చి పొయ్యి రాజేసేది. బయల్దేరే ముందు ఆయన తప్పకుండా ఒక మాట అనేవాడు: "ఇల్లు పైలం." ఇల్లు జాగ్రత్త అని. పెళ్లయిన కొత్తలో ఆ మాటలో ప్రేమ ఉందనుకుందట అమ్మ. తర్వాత తర్వాత, తనను కాపలా డ్యూటీలో పెట్టి పోతున్నాడని అర్థమైందట.

రైల్వే వాళ్లకు పాసులుంటాయి గదా, ఆమె ఎందుకు తిరగలేదు అంటారేమో. పాసులున్నాయి. అమ్మ పోవాలనుకున్న చోటికే పట్టాలు లేవు. ఆమె పుట్టిల్లు పరకాల అవతల ఒక పల్లె. అక్కడ ప్రతి ఎండాకాలం మా క్రైస్తవుల సభలు జరుగుతాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎడ్లబండ్లు కట్టుకుని బియ్యం, కుండలు, కోళ్లతో సహా వచ్చి దిగుతారు. పగలు ప్రసంగాలు, పొద్దుగూకితే పాటలు, నడుమ వంటలు, పెళ్లి సంబంధాలు, పాత తగాదాలు. అమ్మా, వాళ్లక్కా చిన్నప్పుడు ఆ సభల్లో బండి కింద ఒకే బొంతలో పడుకునేవాళ్లు. పెళ్లయ్యాక అమ్మ ఒక్కసారీ పోలేదు. పెద్దనాయన ఇల్లరికం వచ్చాడు గనక పెద్దమ్మ పుట్టింట్లోనే ఉండిపోయింది. ఏటా ఎవరో ఒకరితో కబురు పంపేది: "ఈయేడన్న రావే. నా మోకాళ్లు మూలకు పడకముందే రా."

సభలప్పుడు నాయన తప్పకుండా లైన్లో ఉండేవాడు. పోనీ అమ్మను బస్సులో పంపొచ్చు గదా? పంపడు. బస్సుల మీద ఆయనకున్న అభ్యంతరం ఒకటే. "ఎనక గార్డు లేని బండిల మనింటి మనిషిని ఎక్కియ్య," అనేవాడు. బండిని డ్రైవరు నడుపుతాడు, గార్డు కాపాడతాడు, ఇది ఆయన సిద్ధాంతం. డ్రైవర్లంటే ఆయన దృష్టిలో బొగ్గుమసి పూసుకున్న తొందరపాటు మనుషులు. "రిటైరైనంక ఇద్దరం కలిసి పోదాం, నా మాట నమ్ము," అని అమ్మకు మాటిచ్చాడు. ఇంకో దారి లేదు గనక అమ్మ నమ్మింది.

పంతొమ్మిది వందల అరవైల నడుమ ఆయన రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి వరంగల్లు మట్టెవాడలో ఒక సందులో అద్దెకు దిగాం. నేనప్పటికి బడిలో టీచరుగా చేస్తున్నాను, పెళ్లి ఊసు ఎవరెత్తినా కరిచేదాన్ని. సరిగ్గా అప్పుడే మా మిషన్ దొర, దొరసాని తమ దేశానికి వెళ్లిపోతూ సామాన్లు అమ్మకానికి పెట్టారు. మిగతా వాళ్లంతా బుద్ధిగా కుర్చీలూ, పింగాణీ పళ్లేలూ, దొరసాని కుట్టుమిషనూ కొనుక్కున్నారు. మా నాయన వాళ్ల వ్యాను కొన్నాడు.

వ్యాను అంటే అల్లాటప్పా వ్యాను కాదు. దొర, దొరసాని పల్లెలు తిరిగి మందులిస్తూ, వాక్యం చెబుతూ, అందులోనే వండుకుని అందులోనే పడుకునేవాళ్లు. లోపల రెండు బల్లలు, పరుపు వేస్తే అవే మంచాలు. మడతపెట్టే మేజా, కిరోసిన్ స్టవ్వు, గిన్నెల అలమర, కిటికీలకు దోమల జాలీ. ఊళ్లలో దాన్ని ఇల్లుబండి అనేవాళ్లు.

మిషన్ డ్రైవరు దాన్ని మా సందు మొదటి దాకా తెచ్చాడు. నాయన అతని పక్కన కూర్చోలేదు. వెనక తలుపు తెరిచి, వెనక్కి తిరిగి కూర్చుని, దారి పొడుగునా పచ్చజెండా పట్టుకుని వచ్చాడు. వెనక వచ్చే సైకిళ్లవాళ్లు దాటి పోవాలో ఆగాలో తెలియక చచ్చారట.

"నాయనా, నీకు నడపొస్తదా?" అని అడిగాను.

"నేనెందుకు నడుపుత? డ్రైవరు ఏడన్న దొరుకుతడు," అన్నాడు, నేనేదో తక్కువ మాట అన్నట్టు చూసి.

నడపడం రాని మనిషి, బండి పట్టని సందు, ఇల్లంత బండి. నెత్తి కొట్టుకుందామనుకున్నాను. కానీ అమ్మ అప్పటికే లోపలికి ఎక్కింది. స్టవ్వు తిప్పి చూసింది. బల్లల మీద అరచేత్తో నిమిరి, "అక్క ఈడ పంటది, నేను ఆడ పంట," అంది. ఆ మొహం చూశాక నేనూ ఎక్కి కిటికీల జాలీ దులపడం మొదలుపెట్టాను.

సందులోకి పట్టదు గనక వ్యాను రోడ్డు మీదే ఆగింది. తెల్లారేసరికి దాని ముందు జనం. ఇల్లుబండి అంటే దవాఖాన బండి అని అందరికీ తెలుసు, దొర పోయిన సంగతి తెలియదు. ఒక ముసలమ్మ కళ్లల్లో మందు వెయ్యమని మెట్టు మీదే వెల్లకిలా పడుకుంది. ఒకాయన నోరంతా తెరిచి నాయనకు పన్ను చూపించాడు. "ఇది దవాఖాన కాదయ్యా, నా సొంత బండి!" అని నాయన మొత్తుకుంటుంటే, అమ్మ చాటుగా అందరికీ అల్లం కషాయం పోసి పంపింది. కొందరికి తగ్గింది కూడా కాబోలు, మరునాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు.

"ఇగ పోదామా? సభలదాక ఎందుకు, ఒక్కపారి అక్కను సూసొద్దాం," అంది అమ్మ.

"ఇన్సూరెన్సు లేంది ఒక్క గజం కదల్ది," అన్నాడు నాయన. దొర పేరున ఉన్నది అంతలోనే ముగిసిపోయింది, కొత్తది తీసుకోవాలి. చట్టం అదే అంటుంది, కాదనలేం. కానీ చట్టం అడిగిన దానితో తృప్తిపడితే ఆయన మా నాయన ఎలా అవుతాడు? పోయినా, కాలినా, మునిగినా, ఎవడైనా రాయి విసిరినా, అన్నిటికీ ఇన్సూరెన్సు కావాలన్నాడు.

ఏజెంటు తోలుసంచి తగిలించుకుని సైకిలు మీద వచ్చాడు. కార్లకూ లారీలకూ చేసిన మనిషి. వ్యాను చుట్టూ తిరిగి, లోపలికి ఎక్కి, స్టవ్వు దగ్గర ఆగిపోయాడు.

"సార్, ఇది బండా, ఇల్లా?"

"రెండు," అన్నాడు నాయన గర్వంగా.

"రెండంటే కుదరది సార్. ఇల్లని రాస్తే అది కదలొద్దు. బండి అని రాస్తే దాన్ల పొయ్యి ఉండొద్దు."

"కదలకుంటె ఎందుకు కొంట? బండి అనే రాయి. ఇగో, పట్టాలు తప్పితే ఏమిస్తరు?"

"దీనికి పట్టాలేడియి సార్?"

"గదే చెప్తాన. పట్టాలున్న బండే ఒక్కొక్కపారి పక్కకు పోతది. లేని బండి సంగతేంది?"

ఏజెంటు ఏదో రాసుకుని, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లాడు.

ఆ తర్వాత హైదరాబాదులోని కంపెనీ నుంచి ప్రశ్నలు రావడం మొదలైంది. లోపల మనుషులు పడుకుంటారా? పడుకున్నప్పుడు బండి నడుస్తుంటుందా? నడుస్తున్నప్పుడు వంట చేస్తారా? నాయన జన్మంతా రైల్వే రూల్సు చదివిన మనిషి. వాళ్లు అడిగిన దానితో పాటు అడగనివి కూడా కలిపి జవాబిచ్చేవాడు. స్టవ్వు మీద గిన్నె ఉన్నప్పుడు బండికి ఎద్దు అడ్డం వస్తే ఏమేం జరగొచ్చో విడమరిచి రాశాడు. దాంతో వాళ్లకు అంతవరకూ లేని భయాలు కొత్తగా పుట్టుకొచ్చేవి. క్రిస్మస్ వచ్చింది, పోయింది. బండి రోడ్డు మీద, అమ్మ ఇంట్లో, ఉన్నవాళ్లు ఉన్నట్టే ఉన్నారు.

చివరికి పాలసీ వచ్చింది, షరతులతో. లోపల నిప్పు రాజేయకూడదు. లోపల ఎవరూ పడుకోకూడదు. నడపనప్పుడు గోడలూ, కప్పూ, తాళమూ ఉన్న చోటనే పెట్టాలి. అలా పెట్టకపోతే ఏం జరిగినా కంపెనీకి సంబంధం లేదు. ఏజెంటు అంతా చదివి వినిపించాడు.

"వండుకోవద్దు, పండుకోవద్దు. మరి దాన్ల ఏం జెయ్యాలె?" అంది అమ్మ.

"కూసోవచ్చమ్మా," అన్నాడు ఏజెంటు పాపం, మర్యాదగా.

గోడలూ కప్పూ తాళమూ ఉన్న చోటు మట్టెవాడలో ఎక్కడ దొరుకుతుంది? మిర్చి సేటు దగ్గర దొరికింది. మిర్చి బస్తాలు వ్యాగన్లకెక్కించే దగ్గర నాయనకు పరిచయమైన పాత దోస్తు ఆయన. రంజాన్‌కు ఆయనింటి నుంచి మాకు షీర్‌కుర్మా పాయసం, క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి వాళ్లకు కేకూ పోతుండేవి. "ఫికర్ ఎందుకు గార్డు సాబ్? నా గోదాం ఇప్పుడు ఖాళీగనే ఉన్నది. కిరాయి మాటెత్తితిరా, మన దోస్తీ కట్," అన్నాడు. నాయన పొంగిపోయాడు. ఊరికే వచ్చిన చోట్లో నోరెత్తే హక్కుండదని మాకు తర్వాత తెలిసింది.

తలుపు పక్కనే పెట్టుకోమన్నాడు సేటు. నాయన వింటేనా? "తలుపు కాడ లారీ తగులుతది. ఎనక గోడకానించుండ్రి. గార్డు డబ్బా ఎప్పుడు చివరనే ఉంటది," అని మిషన్ డ్రైవరుతో దాన్ని చిట్టచివరికి తోలించి, తాళం వేయించి, తాళాన్ని గుంజి చూసి, ఇంటికొచ్చి, "ఇగ సభలకే తీద్దాం," అని అమ్మకు చెప్పి తృప్తిగా భోంచేశాడు. డ్రైవరు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తానని చెప్పి పోయాడు.

తర్వాత మిర్చి కోతలు మొదలయ్యాయి.

వరంగల్లులో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెబుతాను. రైతులు కాయ కోసి, ఎండబెట్టి, బస్తాలు తొక్కి తెచ్చి సేటు గోదాంలో వేస్తారు. వేసి వెంటనే అమ్మరు. ధర లేచేదాకా ఆగుతారు. రైతు "అమ్ము" అనేదాకా ఆ బస్తాను ఎవరూ ముట్టుకోరు, సేటు కూడా. పక్కకు జరిపినా సరే, కాయ విరిగిందనో, తూకం తగ్గిందనో మాట వస్తుంది. మా సేటు తన గోదాంలో ఏ రైతు బస్తానూ అడక్కుండా కదిలించి ఎరగడు, అందుకే ఆయన గోదాముకు అంత పేరు. ఆ పేరు మా పాలిట శాపమైంది. వ్యాను ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నేల నుంచి రేకుల దాకా బస్తాలు లేచాయి.

నాయన రోజూ డ్యూటీకి పోయినట్టు గోదాముకు పోయి, తాళం చూసి, ఘాటుకు కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చేవాడు. రిటైరైన దిగులుతో గార్డు సాబు రోజూ ఏడుస్తున్నాడని వాడలో అనుకున్నారు. అమ్మేమో పొద్దున లేచింది మొదలు పాలామెను, పక్కింటివాళ్లను, దారినపోయే బండ్లవాళ్లను పట్టుకుని, "మిర్చి ధర ఏమన్న లేసిందా?" అని అడిగేది. జన్మలో ఎకరం భూమి లేని మనిషి. ఆదివారం చర్చిలో ఆమె పెదాలు కదులుతుంటే దేశశాంతి కోసం ప్రార్థన చేస్తుందనుకుని పాస్టరమ్మ మెచ్చుకుంది. అది మిర్చి ధర కోసమని నాకు తెలుసు.

దేవుడు విన్నాడు. ధర కొంచెం లేచింది. ఒక్కో రైతే అమ్ముకుని పోయాడు. గోదాం ఖాళీ అయింది, ఒక్క వరస తప్ప. అది సరిగ్గా మా వ్యాను ముందున్న వరస. సభలు దగ్గరికొచ్చాయి. పెద్దమ్మ నుంచి మళ్లీ కబురొచ్చింది, ఈసారి నిలబడి నాలుగడుగులు వేయడమే కష్టంగా ఉందని.

"ఎవడే ఈ మొండి పీనుగ? అందరు అమ్ముకుంటే వీనికేం రోగం?" అని అమ్మ పొద్దస్తమానం ఆ రైతును తిట్టేది. అట్లా తిట్టినప్పుడల్లా నాయన దగ్గి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. మిర్చి ఘాటు ఇంకా వదల్లేదనుకున్నాం.

ఒక సెలవునాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని గోదాముకు పోయింది. బస్తాల మీదికెక్కి అవతలికి దిగి, వ్యానులో పరుపులన్నా దులుపుదామని ఆమె పట్టుదల. కొంగు ముక్కుకు కట్టుకుని, మొదటి బస్తా మీద కాలు పెట్టబోయి ఆగిపోయింది. వంగి చూసింది. పక్క బస్తా చూసింది. ప్రతి దాని మీదా నీలిమందుతో వేసిన ఒక సిలువ, దాని కింద అడ్డంగా ఒక గీత.

"ఇది మా బాపు గుర్తు," అంది.

వాళ్ల బాపు, అంటే మా తాత, తన బస్తాల మీద వేయించిన గుర్తు అది. చిన్నప్పుడు గుడ్డపేలిక నీలిమందులో ముంచి ఆ సిలువలు వేసింది అమ్మా, పెద్దమ్మే. తాత పోయాక ఆ భూమి చేసేది ఇల్లరికం వచ్చిన పెద్దనాయన. అంటే అమ్మ ఇన్నాళ్లూ మొండి పీనుగని తిట్టింది సొంత బావను. అక్కను చూడ్డానికి పోనీయకుండా అడ్డంగా నిలబడ్డవి అక్క ఇంటి బస్తాలే.

అమ్మ నిలదీస్తే సేటు తల గోక్కున్నాడు. "చెల్లె, గార్డు సాబే ఇంట్ల చెప్పొద్దని కసమ్ పెట్టిండు. మీ బావను నా కాడికి తోలింది గూడ ఆయననే. బస్తాలు జీతగాళ్లు తెచ్చిండ్రు, ఎనక మీ బండి ఉన్నదని బావకు తెల్వది. బావ అమ్మమంటే నేను అమ్మనా? ఒక్క మాట జరపమంటే జరపనా? అడగాలె గద ఎవరన్న!"

ఇక్కడ సడ్డకుల గురించి చెప్పాలి. అక్కాచెల్లెళ్ల మొగుళ్లను మా దిక్కు సడ్డకులంటారు. వాళ్ల మధ్య ప్రేమలేదని కాదు. కానీ ఒకరినొకరు ఏదీ అడగరు. అడిగినవాడు జన్మంతా ఒక మెట్టు కింద. పెళ్లి బంతిలో ఎవరి విస్తట్లో ముందు కూర పడిందో కూడా చూసుకునే చుట్టరికం అది.

ఇంటికొచ్చి అమ్మ కొంగు కూడా విప్పకుండా అడిగింది.

"జర ఆ బస్తాలు జరిపియ్యమని బావకు ఒక్క కబురు పంపితే ఏమైతుండె?"

నాయన పేపరు దించాడు. "సడ్డకుని ముందట నోరు తెరువాల్నా? ఇల్లుబండి కొన్న అని ఊరంత చెప్పుకున్న. ఇప్పుడు నీ మిరపకాయల ఎనక చిక్కిన, విడిపియ్యి బావా అనాల్నా? సచ్చేదాక నవ్వుతడు."

"ఆయన నవ్వుతడని నేను మా అక్కను సూడొద్దా?"

"ధర ఇంకా లేస్తది. ఆయననే అమ్ముతడు. ఈయేడు కాకుంటె వచ్చేయేడు..."

నాకు ఒళ్లు మండిపోయింది. "నాయనా, నువ్వు ఇన్సూరెన్సు చేయించింది బండికి కాదు, నీ మీసానికి!" అన్నాను. చెయ్యెత్తేవాడే, కానీ అప్పుడే అమ్మ లేచింది. చేతిసంచి దులిపి అందులో రెండు చీరలు, పాటల పుస్తకం, ఒక సీసాలో మోకాళ్లకు రాసే నూనె పెట్టింది.

"పొద్దుగాల బస్సుకు పోతాన," అంది.

"ఎనక గార్డు లేని బండిల..."

"లేకుంటె లేకపాయె."

మరునాడు నాయనే సంచి పట్టుకుని బస్టాండు దాకా వచ్చాడు. పరకాల బస్సు నిలబడి ఉంది. నాయన దాని చుట్టూ తిరిగి, టైర్లను కాలితో తన్ని చూసి, డ్రైవరును ఎగాదిగా చూసి, కండక్టరు దగ్గరికి పోయాడు.

"దీనికి ఇన్సూరెన్సు ఉన్నదా?"

"సర్కారు బస్సు తాతా. ఎక్కుతానవా, లేదా?"

అమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పక్కనున్న ఆమెతో అప్పుడే ఏదో మాట్లాడుతోంది, సభలకేనట ఆమె కూడా. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి ఊరికే కూర్చున్నాడు. కండక్టరు వెనక తలుపు దగ్గర నిలబడి, బయటికి తొంగి, వెనకా ముందూ చూసుకుని, విజిల్ ఊదాడు. అప్పుడు గానీ బస్సు కదల్లేదు.

ఆ విజిల్ విన్నప్పుడు మా నాయన మొహం చూడాలి. బస్సును కదిలించింది డ్రైవరు కాదు. వెనక నిలబడ్డ మనిషి. ఇన్నేళ్లూ అక్కడ ఒకడు నిలబడే ఉన్నాడు, రోజూ, ప్రతి బస్సుకూ, పరకాల దాకా.

బస్సు మలుపు తిరుగుతుంటే అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. నవ్వుతోందో, ఎండకు కళ్లు చిట్లించిందో నాకు తెలియలేదు. "ఇల్లు పైలం!" అని కేకేసింది.

నాయన చెయ్యి దానంతటదే పైకి లేచింది. అందులో జెండా లేదు. బస్సు దుమ్ములో కలిసి కనపడకుండా పోయేదాకా అట్లాగే నిలబడ్డాడు. మేం నడిచి ఇంటికొచ్చాం. నాయన చెప్పులు విడిచి, వంటింటి గడపలో కాసేపు నిలబడి, అగ్గిపెట్టె ఎక్కడుంటదని నన్నడిగాడు.